ఉప్పున నిలువచేసిన పందిమాంసము

గత సంవత్సర మొకనాటి మధ్యాహ్నమున, భోజనసమయమందు వరండాలో తిరుగుచుండగా, ఒక బాలుడు తన కారియరు మూతను సగము మాత్రము తెరచి, చేయి యడ్డుపెట్టుకొని భుజించుచుండుట చూచితిని. కారణ మడుగగా వాడు బదులు చెప్పలేదు. ప్రక్కనున్నవాడు నవ్వి, "పందికూరండీ, మాస్టారూ!" అనెను. ఆ నెలలోనే మరియొక బాలుడు విదేశమునుండి వచ్చిన తన మేనమామ యిచ్చిన హాము డబ్బా నొకదానిని తెచ్చెను. తరగతి యంతయు దానిచుట్టు మూగినది. డబ్బామీది బొమ్మను చూచినవారు కొందరు, వాసన చూచినవారు కొందరు, ముక్క యడిగినవారు కొందరు. రెంటిలోని జంతు వొక్కటే. ఒకదానికి సిగ్గు, మరియొకదానికి గౌరవము. ఆహారశాస్త్రమునుబట్టి చూచిన నీ గౌరవము తలక్రిందులైనదని నా యభిప్రాయము.

హామనగా పందితొడను, బేకననగా దాని వీపు, పొట్ట భాగములను ఉప్పులో నూరవేసి, కొన్నియెడల పొగవేసి, నిలువచేసిన మాంసము. ఉప్పు మాంసములోని నీటిని లాగివేయును. నీరు తగ్గినచోట క్రుళ్లించు సూక్ష్మజీవులు పెరుగజాలవు. మన యావకాయకును, బందరు తీరపు టెండుచేపలకును రక్షణ యీ సూత్రమే. పూర్వము ఉప్పుతో సూరేకారమును గూడ చేర్చెడివారు. నేడు దానికి మారుగా నైట్రైటు అను లవణమును వేయుచున్నారు. హామునకుగల గులాబిరంగు దానివలననే. బొటులిజమను ప్రాణాంతకమగు విషదోషము పుట్టకుండ కాపాడునదియు నదియే. కావున దానిని వట్టి రంగుపొడియని త్రోసివేయరాదు.

ఇక పందిమాంసములో మనకు ముఖ్యమైన దేమి? మాంసకృత్తులు మేకమాంసమునందును గలవు, గ్రుడ్డునందును గలవు. పందిమాంసమున విశేషముగా నుండునది థయామినను బి-1 విటమిను. ఈ విషయము కృష్ణాతీరమున నివసించువారికి పరాయి విషయము కాదు. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియైన పిదప కాలువలవెంట వరి విస్తరించినది. తరువాత మరలు వచ్చినవి. ఇంటింట దంచు రోకళ్లు మూలబడినవి. తవుడుతోబాటు థయామిను గూడ గింజనుండి తొలగిపోయినది. తమిళ జిల్లాలలో ననేకులు ఉప్పుడు బియ్యము తినెడివారు. ధాన్యము నుడికించునపుడే యా విటమిను గింజలోనికి దిగును గనుక వారికి బాధ తగ్గినది. మనవారు పచ్చిబియ్యమునే కోరిరి. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, తుదకు గుండె బలహీనమగు బెరిబెరి వ్యాధికి ఉత్తర సర్కారులు పేరుపడినవి. అంతకు ముందుగూడ నీ వ్యాధి యిచ్చట లేకపోలేదు. మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే దీనిపై మదరాసున నొక గ్రంథమును ప్రకటించెను.

1918లో కూనూరునందు మెకారిసన్ దొర యొక చిన్నగదిలో నారంభించిన పరిశోధనకు మొదటిపేరు బెరిబెరి విచారణయే. ఆ చిన్నగదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, జాతీయ పోషకాహార సంస్థయైనది. థయామినును 1936లో రసాయనశాలయందు తయారుచేసిన రాబర్టు విలియమ్సు 1886లో మన నెల్లూరుననే, బాప్టిస్టు మిషనరీల యింట జన్మించెను. మన విద్యార్థులలో నెందరి కీ సంగతి తెలియును?

ఇప్పుడు లెక్క చూతము. నూరు గ్రాముల మర పచ్చిబియ్యములో థయామిను సుమారు 0.06 మిల్లిగ్రాము, ఉప్పుడు బియ్యములో 0.21, మేకమాంసమున 0.18; క్రొవ్వు తీసిన తాజా పందిమాంసమున 0.54. అనగా బియ్యమునకు తొమ్మిది రెట్లు, మేకమాంసమునకు మూడు రెట్లు. ఎదిగిన బాలునకు దినమునకు కావలసినది ఒకటి మొదలు ఒకటిన్నర మిల్లిగ్రాములలోపుననే. అదే మాంసమున మాంసకృత్తులు నూటికి పదునెనిమిది పాళ్లకు పైగా నున్నవి. మూత చాటున దాచబడినది ఈ యాహారమే.

హామున గూడ థయామిను చాలవరకు నిలిచియుండును. దీనిని కాదనుట న్యాయము కాదు. అయితే దానితోడ వచ్చునది చూడవలెను. నూరు గ్రాముల తాజా మాంసమున సోడియము అరువది మిల్లిగ్రాముల ప్రాంతముననుండగా, హామున వేయికి మించి యుండుట సామాన్యము. అనగా రెండున్నర గ్రాముల యుప్పునకు పైమాటయే. పెద్దవారికైనను దినమునకు ఐదు గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పొట్టభాగపు బేకనున క్రొవ్వు నూటికి ముప్పది నుండి నలువది పాళ్లుండును. ఉప్పు తక్కువగా తిను దేశమున నిది కొంత చెల్లునేమో! మన యిండ్ల మాట వేరు. ఉదయము ఇడ్డెనలలో నుప్పు, మధ్యాహ్నము నూజివీటి మామిడికాయల యావకాయ, అప్పడము, మజ్జిగలో మరల నుప్పు, రాత్రికి ఉప్పుచేప. ఇట్టి యింటిలోనికి హాము వచ్చుట, నిండిన కుండలో నింకొక చెంబు పోయుట వంటిది.

వేరొక దోషమును గలదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ, నిలువచేసిన మాంసము మనుష్యులకు కాన్సరు కలిగించునని నిర్ణయించినది. ప్రతిదినము ఏబది గ్రాముల చొప్పున తినువారికి పెద్దప్రేగు కాన్సరు వచ్చు నవకాశము, తిననివారికంటె సుమారు పదునెనిమిది వంతులు నూటికి హెచ్చు. పండుగనాడు ముక్క తిన్నవాడు భయపడనక్కరలేదు. దినదినము రొట్టెలో పెట్టి పిల్లలకు పంపు తల్లిదండ్రులు మాత్ర మాలోచింపవలెను. "విదేశపుటాహారము, బలమైనది" యని వారు నాతో ననుచుందురు. బలమైనదే. కాని ఊరగాయను కూరవలె తినము గదా! హామును బేకనును ఊరగాయ కొలతతోనే వడ్డించుట మేలు.

ఇది మన సీమకు క్రొత్తయు కాదు. గత శతాబ్ది యుత్తరార్ధమున ప్రభుత్వమువారు దేశమున నెలకొల్పిన కొలదిపాటి బేకను కర్మాగారములలో నొకటి మన గన్నవరముననే యుండెను. సీమపందుల పెంపకమును, మాంసమును శుభ్రముగా నిలువచేయుటయు నచ్చట సాగినవి. నేడు గన్నవరమున పశువైద్య కళాశాల గలదు. పంది మురికిలో తిరుగునది గావున నసహ్యమనువారు, దొడ్డిలో కట్టి, మేతవేసి, కడిగి పెంచిన పందిని ఒకసారి చూడవలెను. అసహ్యము జంతువునందు లేదు. దానిని విడిచిపెట్టిన వీధియందున్నది.

ఐనను ఈ యాక్షేపణలో గట్టి భాగము నేను దాటిపోను. మలమును తిని తిరుగు పందిమాంసమున బద్దెపురుగు బుడగలుండవచ్చును. అట్టి మాంసమును సరిగా నుడికింపక తిన్న ప్రేగులలో పురుగు పెరుగును. ఆ పురుగు గ్రుడ్లు మలముద్వారా వెలువడి, మురికిచేతులనుండియు, కడుగని కాయగూరలనుండియు ఇతరుల కడుపున బడి, మెదడున బుడగలై మూర్ఛరోగము కలిగించును. అందుచేత మాంసమే తిననివానికిని ఈ రోగము రావచ్చును. ఉప్పు పెట్టినంతమాత్రమున దోషము పోయినదనుకొనరాదు. బాగుగా నుడికించుటయే శరణ్యము. పిమ్మట నా బాలునడిగితిని, మీ అమ్మగారెట్లు వండుదురని. "గోంగూర వేసి, ఎముకనుండి కండ యూడువరకు ఉడకబెట్టునండి" యని చెప్పెను. ఏ పుస్తకము చదువకయే యామె సరిగా చేయుచున్నది.

మతమునుబట్టియో, ఇష్టమునుబట్టియో పందిమాంసము తిననివారు మనలో ననేకులు. వారి నియమమును గౌరవించియే యీ మాట చెప్పుచున్నాను: వారికి కొరతయేమియు లేదు. వేరుసెనగలో థయామిను నూరు గ్రాములకు 0.90 మిల్లిగ్రాము, పెసలలో 0.47. తక్కువ పాలిషుపెట్టిన బియ్యము, గంజి వార్చని యన్నము మరింత మేలు. థయామిను నీట కరుగునది. బియ్యము నాలుగుసారులు కడిగి, గంజి వంచి పారబోసిన మిగులునది పిండిపదార్థమే. ఈ సంగతిని మన వసతిగృహ సంఘమువారి కిదివరకే వ్రాసియిచ్చితిని. దంపుడుబియ్యము వెల హెచ్చని వారు చెప్పిరి, అది నిజమే. గంజికి మాత్రము వెల లేదు. అయినను మా వంటవాడు నేటికిని దానిని దొడ్డివైపు కాలువలో పోయుచున్నాడు.