ఊరి నీళ్ల శుద్ధి ఖర్చు ఎవరి నెత్తిన?

గోదావరిఖనిలో ఎవరైనా "బాయికి పోతున్న" అంటే నీళ్లకు కాదు, బొగ్గు పనికి. ఆ బాయి నడవాలంటే లోపలి ఊటనీటిని రాత్రింబవళ్లు తోడిపోయాలి. తోడినకొద్దీ చుట్టుపక్కల సేద్యపు బావుల్లో నీరు దిగుతుంది. రైతు బోరు వేస్తాడు, మళ్లీ ఇంకా లోతుకు వేస్తాడు. ఆ లోతు నీళ్లలో లవణాలో, ఫ్లోరైడో ఉంటే కాచినా పోవు, గుడ్డతో వడగట్టినా పోవు.

మరి తీయడానికి ఎంతవుతుంది? 1970వ దశకంలో నాగపూరు 'నీరి' శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి రూపొందించి దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. సరుకు చవకే. కాని నీటిని పరీక్షించి పటిక మోతాదు వేయాలి, అడుగున పేరిన మడ్డిని పశువులు తిరగని చోట పారబోయాలి. అంటే రోజూ ఒక మనిషి, అతనికి జీతం. తరువాత వచ్చిన ఆర్.ఓ. యంత్రానికి పటిక అక్కర్లేదు. కరెంటు కావాలి, పొర మార్చాలి. పైగా లోపలికి పోయిన నీళ్లలో చాలా భాగాన్ని ఉప్పునీరుగా బయటికి నెడుతుంది. అది ఎవరి చెల్కలోకి పోవాలి?

లెక్క కోసం ఈ నడిపే ఖర్చు నెలకు 20 వేలనుకుందాం. 2000 గడపల ఊళ్లో గడపకు 10 రూపాయలు. 200 గడపల పల్లెలో 100 రూపాయలు! ఊరు చిన్నదైనంత మాత్రాన మనిషి జీతం, పరీక్ష, మరమ్మతు అంతగా తగ్గవు కదా.

2016లో మొదలైన మిషన్ భగీరథ నదుల నీటిని పెద్ద కేంద్రాల్లో శుద్ధిచేసి గొట్టాల్లో పంపింది. ఆ దారి సరైనదేనని మేము ఒప్పుకుంటాం. అయితే గొట్టం పగిలిన రోజు బోరింగే దిక్కు, లేదా 20 లీటర్ల క్యాను. కూలి మనిషి క్యాను కొన్నాడంటే సర్కారు పెట్టవలసిన ఖర్చు అతను పెట్టినట్టే.

డబ్బు లేదనడం మాత్రం చెల్లదు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. 2015 జనవరి 12కు ముందటి లీజులపై రాయల్టీలో 30 శాతం వాటికి జమ కావాలి. బొగ్గు రాయల్టీ 14 శాతం. అంటే పాత లీజులో నూరు రూపాయల బొగ్గుకు రూ.4.20. ఆ నిధికి అధిక ప్రాధాన్యమిచ్చిన పనుల్లో తాగునీరు ఉంది.

కనుక గ్రామసభలో రైతులు అడగవలసినవి ఇవి: మా బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటిందా? ఫలితం పంచాయతీ గోడ మీద రాస్తారా? యంత్రం కొనడానికి ఇచ్చిన నిధి, దాన్ని నడిపే మనిషి జీతానికి ప్రతి నెలా ఇస్తారా, ఇవ్వరా?