వదినా, కారు కూడా వేసేస్తున్నాం!

విదేశాల్లో కాపురం ఎత్తేసి వచ్చేవాళ్ళ హడావుడి మీలో చాలామంది చూసే ఉంటారు. ఆమధ్య మా ఆడపడుచు డల్లాస్ నుంచి ఫోను చేసి, "వదినా, సామానంతా కంటెయినర్లో వేస్తున్నాం. కారు కూడా వేసేస్తున్నాం" అంది. అయిదేళ్ళ కారు. అప్పు తీరిపోయింది. బాబును ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. ఇక మా అత్తగారు వాకిట్లో దానికి చోటు కూడా చూసిపెట్టేశారు!

నాకెందుకో అనుమానం తగిలింది. రేవులో సరుకు విడిపించే పని చేసి రిటైరైన బాబాయిగారొకరు మా వీధిలో ఉన్నారు. వెళ్ళి అడిగితే, "స్టీరింగ్ ఎటువైపమ్మా?" అన్నారు. ఎడమవైపు అన్నాను. "అయితే రానివ్వరు" అన్నారు, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

వాడిన కారు మన దేశంలోకి రావాలంటే స్టీరింగ్ కుడివైపే ఉండాలట. దుబాయ్, కువైట్ కార్లకీ అదే చిక్కు. జపాను, సింగపూరు, ఇంగ్లండు కార్లు ఈ గండం గట్టెక్కుతాయి. కానీ ఇంగ్లండు బండికి వేగం మైళ్ళలో చూపిస్తుంది కదా, మనకి కిలోమీటర్లలో ఉండాలి.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది హెడ్‌లైట్ల సంగతి. కిందికి దించిన లైటు రెండువైపులా ఒకేలా పడుతుందనుకునేదాన్ని. కాదటండీ. రోడ్డు అంచున నడిచేవాళ్ళు కనబడాలని ఆ వైపు వెలుగు కాస్త పైకీ, దూరానికీ పడేలా చేస్తారు. అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి కనుక ఆ వెలుగు కుడికి లేస్తుంది. ఇక్కడ మనం ఎడమవైపు నడుపుతాం. అప్పుడు ఆ వెలుగు పోయేదెక్కడికి? ఎదురుగా వచ్చే స్కూటరు మనిషి కళ్ళలోకి! రాత్రిపూట మావారు స్కూటరు మీద ఇంటికి చేరేదాకా గుమ్మంలో నిలబడే నాకు ఆ నిబంధన ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కారు తయారై మూడేళ్ళు దాటకూడదు. మన మోటారు వాహనాల చట్టానికి సరిపోతుందని ఓడ ఎక్కించే ముందే పరీక్ష చేయించి సర్టిఫికెట్ తేవాలి. దిగాక పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలో మళ్ళీ పరీక్ష. కనీసం ఇంకో అయిదేళ్ళు రోడ్డుమీద తిరగగలిగి ఉండాలి, అన్నాళ్ళూ సర్వీసు దొరుకుతుందన్న హామీ ఉండాలి. విశాఖ మనకి దగ్గరే కదా అంటే కుదరదు, వాడిన కారు దిగాల్సింది ముంబయి రేవులోనే. ఇంటి సామానుతోపాటే లెక్కలో పోతుందనుకోకండి, బ్యాగేజీ కింద కారును ఒప్పుకోరు. సుంకం వేరే, అదీ బరువే. కాగితాలు సరిపడక రేవులో ఆగిపోతే రోజురోజుకీ అద్దె పెరుగుతుంది.

ఆ రాత్రే ఫోను చేసి చెప్పాను. ఆడపడుచు కాసేపు మాట్లాడలేదు. "స్టీరింగ్ మార్పించేస్తే?" అంది. "వయసు మార్పించగలవుటమ్మా? అయిదేళ్ళాయెగా!" అన్నాను. నవ్వింది గానీ గొంతు బాగోలేదు. కంటెయినర్ బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు కారు అమ్మేసింది.

నంబరు ప్లేటు మాత్రం విప్పి తెచ్చుకుంది. బాబు మంచం పైన గోడకి కొట్టారు. వాకిట్లో చూసిపెట్టిన చోట మా అత్తగారు బంతి నారు పోశారు.