స్టాంపు గడువు అయిపోతే గడప దాటకూడదా?

పాస్‌పోర్టులు, పెళ్ళి సర్టిఫికెట్టు, వీసా కాగితాలు అన్నీ కుక్కి పెట్టిన ఫైలు ఒకటి మన అందరి ఇళ్ళల్లోనూ ఉంటుంది. అమెరికాలో హెచ్-4 మీద ఉంటున్న మనలో ఆ ఫైలు తెరిచి చదివినవాళ్ళు ఎంతమంది ఉంటారా అని నాకెప్పుడూ అనుమానమే. కందిపప్పు ఎన్నాళ్ళకు వస్తుందో చెప్పగలం, పిల్లల టీకాల తేదీలు నోటికొచ్చు. ఫైలు సంగతికొస్తే మాత్రం "ఆయన చూసుకుంటారు" అనేస్తాం. అందుకే పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయిందంటే చాలు, ఇక ఈ దేశం దాటి అడుగు పెట్టకూడదని నమ్మి కూర్చుంటాం.

అది నిజం కాదు. స్టాంపు ఉన్నది గుమ్మం దగ్గర చూపించి లోపలికి రావడానికి. లోపలికొచ్చాక ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఐ-94. స్టాంపు తేదీ దాటిపోయినా ఐ-94 గడువు ఉంటే మనం ఇక్కడ చట్టప్రకారమే ఉన్నట్టు. ఆ పాత స్టాంపుతోనే కెనడాకో మెక్సికోకో వెళ్ళి, 30 రోజులు మించకుండా ఉండి, తిరిగి రావచ్చు. దీన్ని ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అంటారు. చాటుగా వాడుకునే కిటుకేం కాదు, రాసిపెట్టి ఉన్న నిబంధనే. ఎఫ్-1 స్టాంపుతో వచ్చి ఇక్కడే హెచ్-1బికో హెచ్-4కో మారినవాళ్ళకీ ఇది వర్తిస్తుంది.

పోయినేడు టొరంటోలో మా పిన్ని కూతురికి సీమంతం. వాళ్ళమ్మ రావడానికి వీల్లేదు, అత్తగారు లేరు. గాజులు తొడిగే చెయ్యి ఒక్కటైనా మన వైపు నుంచి ఉండాలి కదా! నా స్టాంపు అప్పటికే అయిపోయింది. "ఎందుకొచ్చిన రిస్కు" అన్నారు మావారు. రిస్కు అన్న మాట మగవాళ్ళకి భలే సుళువుగా వస్తుందండీ, వెళ్ళాల్సింది మన వైపు వాళ్ళ దగ్గరికి అయినప్పుడు మరీనూ. నేను ఫైలు ముందేసుకుని రెండు రాత్రులు చదివాను. నా పేరు మీద వచ్చిన హెచ్-4 అప్రూవల్ నోటీసు, దాని అడుగున కొత్త తేదీతో ఐ-94, గడువున్న పాస్‌పోర్టు, మావారి నోటీసు కాపీ, అన్నీ ఉన్నాయి. కెనడా విజిటర్ వీసా మాత్రం విడిగా తీసుకోవాలి, మన పాస్‌పోర్టుకి అది తప్పదు. వారం రోజులు వెళ్ళొచ్చాను.

వచ్చేటప్పుడు ఇబ్బంది పెట్టింది ఇమ్మిగ్రేషన్ వాళ్ళు కాదు, విమానం కౌంటరు దగ్గర అమ్మాయి. స్టాంపు తేదీ చూసి "మీ వీసా ఎక్స్‌పైర్ అయింది, ఎక్కించుకోలేం" అంది. ఈ నిబంధన పేరే తను వినలేదట. ప్రింటు తీసి పెట్టుకున్న కాగితం ఇచ్చి, సూపర్‌వైజరుని పిలవమన్నాను. ఇరవై నిమిషాలు నిలబెట్టి పంపించారు. ఆ తర్వాత, టొరంటో విమానాశ్రయంలోనే ఉండే అమెరికా అధికారి ఎన్ని రోజులున్నావు, ఎందుకెళ్ళావు అని రెండే ప్రశ్నలడిగి వదిలేశాడు. ప్రింటు కాగితం లేకపోయినా, మావారు పక్కన లేరని నేను కంగారు పడిపోయినా ఏమయ్యేదో ఊహించుకోండి.

అలాగని దీన్ని ఎలా పడితే అలా లాగకూడదు. టొరంటో మీదుగా హైదరాబాదు వెళ్ళి, మళ్ళీ టొరంటో మీదుగా వస్తే సరిపోతుందని ఒకావిడ నాతో వాదించారు. సరిపోదు. కెనడా, మెక్సికో దాటితే ఈ వెసులుబాటు పోయినట్టే. (విద్యార్థి వీసా వాళ్ళకి క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులు కూడా కలుస్తాయి, మనకి లేదు.) ఇంకొకటి, ఎలాగూ వెళ్ళాం కదా అని అక్కడి కాన్సులేట్‌లో కొత్త స్టాంపుకి దరఖాస్తు పెట్టారో, అది చేతికి వచ్చేదాకా అక్కడే ఉండాలి. పాత స్టాంపు మీద వెనక్కి రావడం 2002 నుంచి కుదరదు.

పిల్లల సంగతి కూడా చూసుకోండి. ఇండియాలో పుట్టిన పిల్లల పాస్‌పోర్టు మనలా పదేళ్ళది కాదు, ఐదేళ్ళదే. దాని గడువు దగ్గర పడితే, సరిహద్దులో ఐ-94 కూడా ఆ తేదీకే కుదించి ఇచ్చే అవకాశం ఉంది. మనమేమో అమ్మానాన్నల తేదీయే పిల్లలకీ ఉందనుకుంటాం. తిరిగొచ్చిన రోజే వెబ్‌సైటులో అందరి ఐ-94 తేదీలూ చూసుకోవడం పాలు పొంగకుండా చూసుకున్నంత ముఖ్యం.

నాకు కోపం తెప్పించే విషయం వేరే ఉంది. నయాగరాని అవతలి ఒడ్డు నుంచి చూసి రావడానికి పనికొచ్చే ఈ నిబంధన, అమ్మ మంచాన పడ్డప్పుడు పనికిరాదు. ఇండియా వెళితే కొత్త స్టాంపు వేయించుకునే రావాలి, దానికి అపాయింట్‌మెంటు దొరకాలి. 2004 దాకా అమెరికాలో ఉంటూనే స్టాంపు రెన్యూ చేయించుకునే వీలు ఉండేది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 మొదట్లో, 20 వేల మందికి ప్రయోగంగా మళ్ళీ పెట్టారు. హెచ్-1బి ఉన్నవాళ్ళకి మాత్రమే. హెచ్-4 వాళ్ళని చేర్చలేదు. అంటే ఆయన పాస్‌పోర్టులో కొత్త స్టాంపు పడుతుంది, భార్యాపిల్లలు మాత్రం సముద్రాలు దాటి వెళ్ళి లైన్లో నిలబడాలి. ఎవరికి సౌకర్యం చేసినట్టు? కుటుంబం అంతా ఒకరి ఉద్యోగం మీద ఆధారపడి ఉందని వీసా ఇచ్చేటప్పుడు గుర్తుంటుంది, వెసులుబాటు ఇచ్చేటప్పుడు గుర్తుండదు. మళ్ళీ అలాంటిది పెడితే మనల్నీ కలపమని అడగాలి. ఉద్యోగాల సంఘాలు మగవాళ్ళ తరఫున అడుగుతూనే ఉన్నాయి, మన తరఫున మనమే రాయాలి.

సీమంతం ఫోటోలు వాట్సాప్‌లో పంపిస్తే, మా అమ్మ చూసి వెంటనే ఫోన్ చేసింది. "టొరంటో వెళ్ళొచ్చావు కదే, మరి ఇక్కడికి ఎందుకు రాలేవు?" అంది. ఐ-94 అంటే ఏమిటో, స్టాంపు అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పుకొచ్చాను. అంతా విని, "అయితే నాకు బాగా లేదని చెప్పినా రానివ్వరా?" అని అడిగింది.