జంక్షన్ కబుర్లు: ఆవకాయ జాడీ, హార్డ్ డిస్కు పెట్టె

బెజవాడ నుంచి ఏలూరు పోయే బస్సుకి మా హనుమాన్ జంక్షన్ ఒక ఇంటర్వెల్. ఓ రోడ్డు నూజివీడు మామిడితోటల్లోకి పోతుంది, ఇంకో రోడ్డు గుడివాడ వైపు పొలాల మీదుగా పోతుంది. ఎటు పోయేవాడైనా ఇక్కడ దిగి, ఆంజనేయస్వామికి ఓ దణ్ణం పెట్టుకుని, ఓ టీ తాగిగానీ కదలడు. 2001లో ఎం. రాజా గారు అర్జున్, జగపతిబాబు, వేణులతో ఏకంగా మా ఊరి పేరు మీదే బొమ్మ తీశారు. అప్పట్నించీ సినిమావాళ్ళతో తమకేదో చుట్టరికం ఉందని మా కుర్రకారు నమ్మకం!

ఆ చుట్టరికం ముదిరి ఇప్పుడు సందుకో డైరెక్టరు తయారయ్యాడు. వాళ్ళలో ఒకడు మొన్న సాయంత్రం టీకొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు, అందులో మిగిలిన డబ్బుతో షార్ట్ ఫిల్ములు తీస్తాడు. ఎప్పుడూ ఈల వేసుకుంటూ తిరిగేవాడు ఆ రోజు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"అన్నయ్యా, టిక్కు టిక్కుమంటోంది."

"ఏవిట్రా, గడియారమా?"

"హార్డ్ డిస్కు."

బండి మీంచి సంచీ జారి రోడ్డు మీద పడిందట. పైకి చూస్తే చిన్న గీత కూడా లేదు. కంప్యూటరుకి తగిలిస్తే మాత్రం లోపల టిక్కు టిక్కుమనే చప్పుడు తప్ప తెరమీద ఏమీ రావడం లేదు.

"ఎన్నిసార్లు పెట్టి చూశావు?"

"ఓ ఇరవై సార్లు."

నా గుండె జారింది. ఎందుకో తర్వాత చెప్తాను. పైకి మాత్రం ధైర్యంగా, "షార్ట్ ఫిల్మే కదరా, మళ్ళీ తీద్దువుగానిలే" అన్నాను.

వాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అందులో మా నాయనమ్మ ఉంది అన్నయ్యా."

నిరుడు వేసవిలో ఆవిణ్ణి తోటలో నులకమంచం మీద కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడించాడట. చిన్నరసం ఎప్పుడు కొయ్యాలో, గడ్డిలో ఎట్లా ముగ్గెయ్యాలో, పెళ్ళయిన కొత్తలో తాతయ్యతో తోట కాపలాకి పోయి రాత్రిపూట నక్కల కూతకి ఎంత హడిలిపోయిందో... అన్నీ చెప్పిందట. మొన్న సంక్రాంతికి ముందు ఆవిడ పోయారు. హీరోని మళ్ళీ పిలవొచ్చు, సెట్టు మళ్ళీ వెయ్యొచ్చు. ఈ షాటుకి రీటేకు లేదు!

* * *

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంటుందంటారా? పాత గ్రామఫోను రికార్డుని తలచుకోండి. అలాంటివే, అద్దంలా మెరిసే పళ్ళేలు ఒకటో రెండో లోపల ఉంటాయి. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో గిరగిరా తిరుగుతాయి. రికార్డు మీద ముల్లు ఆనుకుని నడుస్తుంది. ఇక్కడి ముల్లు ఆనదు. పళ్ళెం తిరుగుతున్నప్పుడు పుట్టే గాలి మీద తేలుతూ పోతుంది. రెంటికీ మధ్య ఎడం ఎంతనుకున్నారు? కొద్ది నానోమీటర్లు! మన తల వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు ఉంటుంది. ఆ సందులో ఒక దుమ్ము కణం కూడా పట్టదు.

అలాంటి వస్తువు రోడ్డు మీద పడితే ఏమవుతుంది? ముల్లు వెళ్ళి పళ్ళేన్ని తాకుతుంది. పళ్ళెం మీద అయస్కాంతపు పూత గీరుకుపోతుంది. మన బొమ్మ ఉన్నది ఆ పూతలోనే. టిక్కు టిక్కు అంటే ముల్లు దారి దొరక్క వెనక్కీ ముందుకీ వెతుక్కుంటున్న చప్పుడన్నమాట. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఇంకాస్త గీరే ప్రమాదం ఉంది. ఇరవై సార్లు అనగానే నా గుండె ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసిందా?

కాబట్టి కుర్రాళ్ళూ, చెవిన వేసుకోండి. డిస్కు చప్పుడు చేసిందా, వెంటనే తీసి పక్కన పెట్టండి. స్క్రూలు విప్పి చూడకండి, ఫ్రిజ్జులో పెట్టమనే వైద్యాలు చెయ్యకండి. దుమ్ము లేని గదిలో విప్పే నిపుణులు పెద్ద ఊళ్ళల్లో ఉన్నారు. ఖర్చు ఎక్కువే. ఖర్చు పెట్టినా దక్కుతుందన్న భరోసా లేదు. అది తీరిగ్గా ఆలోచించాల్సిన విషయం, ముందు గీరడం ఆపండి.

పొరపాటున ఫైలు చెరిపేస్తే మాత్రం వేరే కథ. చాలా హార్డ్ డిస్కుల్లో చెరపడం అంటే హాలు ముందు బోర్డు మీద సినిమా పేరు తుడిచెయ్యడం వంటిది. లోపల రీలు అట్లాగే ఉంటుంది, దాని మీద కొత్త బొమ్మ ఎక్కించేదాకా. అందుకని చెరిపిన డిస్కు మీద ఇంకేమీ రాయకుండా ఆపితే తిరిగి దొరికే ఆశ ఉంది. ఇప్పుడొస్తున్న ఎస్‌ఎస్‌డీలకి ఆ ఆశ చాలా తక్కువ. అందులో పళ్ళెం లేదు, ముల్లు లేదు, కింద పడ్డా తట్టుకుంటుంది. కానీ చెరిపినదాన్ని అది తనంతట తానే ఊడ్చేస్తుంది. పైగా ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడేస్తే లోపలిది మెల్లగా ఆవిరయ్యే ప్రమాదమూ ఉంది!

1956లో, అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన సంవత్సరంలోనే, అమెరికాలో ఐబిఎం వాళ్ళు మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రాన్ని బయటపెట్టారు. 50 పళ్ళేలు, బరువు టన్ను పైమాటే. ఇంతా చేసి పట్టేది సుమారు 5 మెగాబైట్లు. అంటే ఇవాళ మన సెల్లులో ఒక్క పాట! ఇప్పుడో, అరచేతిలో ఇమిడే డిస్కులో వందల సినిమాలు పడుతున్నాయి. సంతోషమే. కాకపోతే చెయ్యి జారితే పోయేవీ వందల సినిమాలే!

* * *

పోగొట్టుకోవడం మన సినిమాకి కొత్తేమీ కాదు. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు గారి కుమారుడు ప్రకాశ్ గారు మూకీల కాలంలో, 1921లో, 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఏదీ, చూపించండి? లేదు. హెచ్.ఎం. రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' మన తొలి తెలుగు టాకీ. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో రిలీజయింది. సురభి కమలాబాయి గారు అందులో తొలి తెలుగు టాకీ నాయిక. ఆ గొంతు తెరమీద ఎట్లా పలికిందో విందామంటే ప్రింటే లేదు! 1931 నాటి తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'దీ అదే గతి.

ఎందుకు పోయాయి? ఆనాటి నైట్రేటు ఫిల్ము అంటే అగ్గిపెట్టెకి అన్నయ్య. ఒకసారి అంటుకుంటే నీళ్ళల్లో ముంచినా ఆరదు. అంటుకోనివి వేడికీ తేమకీ జిగురై, పొడి అయ్యాయి. ఆట అయిపోయిన ప్రింటు ఎవరికి కావాలి అనుకుని, అందులోని వెండి కోసం కరిగించేసినవి మరికొన్ని. కారణాలు వేరైనా అన్నిట్లో కథ ఒక్కటే: రెండో చోట మరో కాపీ లేదు!

పాత బొమ్మల్ని కాపాడాలని 1964లో పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టారు. అయినా 2003 జనవరి 8న అక్కడి నైట్రేటు రీళ్ళ గది అంటుకుని ఎన్నో రీళ్ళు బూడిదయ్యాయి. ముందే మంటకి లొంగని ఫిల్ము మీదికి ఎక్కించి వేరేచోట పెట్టుకున్నవి దక్కాయి, పెట్టుకోనివి పోయాయి. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగులద్దుకుని మళ్ళీ హాళ్ళలో ఆడిందంటే కారణం ఏమిటి? అసలు బొమ్మ ఎవరో ఒకరి దగ్గర పదిలంగా ఉండబట్టే కదా!

ఇదంతా ముసలి రీళ్ళ కథ అని పేజీ తిప్పేయకండి. ఇవాళ మన సినిమాలన్నీ దాదాపుగా డిస్కుల్లోనే పుట్టి, డిస్కుల్లోనే పెరిగి, డిస్కుల్లోనే హాలుకి చేరుతున్నాయి. 2025 మే నెలలో 'కన్నప్ప' సినిమా గ్రాఫిక్సు ఫుటేజీ ఉన్న హార్డ్ డిస్కు ముంబయి నుంచి కొరియర్లో హైదరాబాదు ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి వచ్చి, అక్కణ్ణించి మాయమైందని పోలీసు కేసయింది. డిస్కుకి పాస్‌వర్డ్ తాళం ఉందని హీరో మంచు విష్ణు చెప్పారు. బొమ్మ మాత్రం ఆగలేదు, జూన్ 27న రిలీజయింది. పోయింది ఒక డిస్కు, సినిమా కాదు!

తాళం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' రిలీజుకి ముందే సగానికి పైగా బయటికి పొక్కింది. ఆ గుట్టు లాగింది మా కృష్ణా జిల్లా పోలీసులే. హడావిడిగా 27న రిలీజు చేస్తే జనం హాళ్ళు నింపి సినిమాని గెలిపించారు, అది వేరే విషయం. దీన్నిబట్టి తేలేదేమంటే, దాచుకోవడంలో రెండు బాధ్యతలు ఉన్నాయి. ఒకటి, పోకుండా చూసుకోవడం. రెండు, పరాయి చేతిలో పడకుండా చూసుకోవడం. కాపీ పెంచిన ప్రతిచోటా తాళం కూడా వెయ్యాలి.

* * *

ఇదంతా విని మా కుర్ర డైరెక్టరు, "ఇన్ని కాపీలు గుర్తుపెట్టుకునేదెట్లా అన్నయ్యా?" అన్నాడు.

"మీ నాయనమ్మ ఆవకాయ ఎట్లా పెట్టేదిరా?" అన్నాను.

మా ప్రాంతంలో ఎవరినడిగినా చెప్తారు. ఆవకాయ కలిపాక ఇల్లాలు మూడు భాగాలు చేస్తుంది. పెద్ద జాడీకి గుడ్డ కట్టి అటకెక్కిస్తుంది, దాని జోలికి ఎవరూ పోకూడదు. వాడకానికి చిన్న జాడీ కింద ఉంటుంది. మూడోది కూతురింటికి పోతుంది. పిల్లాడు తడి గరిటె పెట్టినా బూజు పట్టేది చిన్న జాడీకే. అటక కూలినా కూతురింట్లో ఉంది. కంప్యూటరు వాళ్ళు దీన్నే 3-2-1 సూత్రం అంటారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరేచోట. మన ఆడవాళ్ళు అంకెలు చెప్పలేదు, అంతే తేడా!

అటక మీది జాడీ అంటే కంప్యూటరుకి తగిలించని డిస్కు. ఇది ముఖ్యం. ఈ రోజుల్లో ఫైళ్ళకి తాళమేసి డబ్బు గుంజే వైరసులున్నాయి. తగిలించి ఉన్న డిస్కునల్లా అవి పట్టేస్తాయి. కూతురింటి జాడీ అంటే బంధువుల ఇంట్లో పెట్టిన డిస్కో, క్లౌడో. క్లౌడు అంటే మబ్బు కాదండోయ్, ఎక్కడో ఎవరిదో హాల్లో తిరుగుతున్న మరో డిస్కే! సెల్లులో ఫోటో చెరిపితే తనూ చెరిపేసే క్లౌడు కూడా ఉంటుంది. దాన్ని నమ్ముకుని అటక మీది జాడీ మానేయకండి.

జాడీ పెట్టగానే సరిపోదు, అప్పుడప్పుడూ మూత తీసి వాసన చూడాలి. 1998లో 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో సినిమాలో అధికభాగం చెరిగిపోయింది. బ్యాకప్పు ఉందిలే అని తెరిచి చూస్తే అది పని చెయ్యడం మానేసి కొన్నాళ్ళయింది! చంటిబిడ్డ తల్లి కావడంతో ఇంటి దగ్గర్నించి పని చేస్తున్న గాలిన్ సస్మన్ అనే ఆవిడ కంప్యూటర్లో మరో కాపీ ఉంది. ఆ కంప్యూటరుని దుప్పట్లలో చుట్టి, కారులో పసిబిడ్డలా ఆఫీసుకి తీసుకొచ్చారు. ఇదీ కూతురింటి జాడీ కథే కదా!

షూటింగులు చేసేవాళ్ళకి ఒక్క మాట. రెండు చోట్లకి ఎక్కించి, రెండూ తెరిచి చూసుకునేదాకా కెమెరా కార్డు చెరపొద్దు. ఐదారేళ్ళు దాటిన డిస్కుని నమ్మి కూర్చోవద్దు, కొత్తదానిలోకి మార్చుకోండి. పెన్‌డ్రైవు మోసుకుపోవడానికే గానీ దాచుకోవడానికి కాదు.

* * *

ఇక మా వాడి సంగతి. డిస్కు హైదరాబాదులో నిపుణుల దగ్గర ఉంది, ఏమీ హామీ ఇవ్వలేమన్నారు. ఈలోగా వాడికి ఒకటి గుర్తొచ్చింది. నాయనమ్మ బతికుండగా మురిపెంగా ఒక ముక్క కత్తిరించి మేనత్తకి వాట్సాప్‌లో పంపాడు. ఫోను చేస్తే, "ఉందిరా, రోజూ రాత్రి అదే చూస్తున్నా" అన్నదట ఆవిడ. పదకొండు నిమిషాలు. బొమ్మ నలిగి మసకగా ఉంది, గొంతు మాత్రం శుభ్రంగా ఉంది. నక్కల సంగతి దక్కింది. చిన్నరసం సంగతి ఇంకా ఆ పెట్టెలోనే ఉంది.

ఆ పదకొండు నిమిషాలూ ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి నూజివీడులో వాళ్ళ బాబాయి బీరువాలో.

మీ ఇంట్లో ఒకే జాడీలో ఉన్నదేదో ఈ ఆదివారం మ్యాట్నీకి పోయే ముందు ఓసారి చూసుకోండి. మొదటి ఆట అయ్యేలోగా రెండో కాపీ తయారవుతుంది.

వచ్చే వారం మళ్ళీ ఇదే జంక్షన్లో కలుద్దాం.