కష్టం ఒకరిది, ఖాతా మరొకరిది

2009 జులై 7. డెన్వర్‌లో కొలరాడో రాకీస్, వాషింగ్టన్ నేషనల్స్ జట్ల బేస్‌బాల్ మ్యాచ్. స్కోరు 4-4. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక రాకీస్ పిచర్ అలన్ ఎంబ్రీ బంతి అందుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ బ్యాటర్‌కు ఒక్క బంతీ వేయలేదు. మొదటి బేస్ నుంచి కాస్త ముందుకు జరిగిన ఆస్టిన్ కీర్న్స్‌ను కనిపెట్టి బంతిని అటు విసిరాడు. కీర్న్స్ దొరికిపోయాడు, ఆ ఇన్నింగ్స్‌లో నేషనల్స్ వంతు ముగిసింది. వెంటనే రాకీస్ ఒక పరుగు చేసి 5-4తో నెగ్గింది. గెలిచిన పిచర్‌గా రికార్డుల్లోకి ఎక్కిన పేరు ఎంబ్రీది. అంతకుముందు ఏడు ఇన్నింగ్స్‌కు పైగా చేతులు నొప్పెట్టేలా బంతులు వేసినవాళ్లకు ఆ గెలుపులో వాటా లేదు.

ఇందులో ఎంబ్రీ తప్పు లేదు, స్కోరర్ తప్పూ లేదు. నిబంధనే అలా ఉంది.

క్రికెట్‌లో విజయం జట్టుది. బేస్‌బాల్‌లో మాత్రం ప్రతి విజయాన్నీ ఎవరో ఒక పిచర్ పేరున రాయాల్సిందే. చివరిదాకా నిలిచిన ఆధిక్యం దక్కినప్పుడు జట్టు తరఫున ఏ పిచర్ ఆటలో ఉన్నాడో, గెలుపు అతనిది. ఆట మొదలుపెట్టిన పిచర్‌కైతే కనీసం ఐదు ఇన్నింగ్స్ వేయాలన్న షరతు ఉంది. మధ్యలో వచ్చే రిలీఫ్ పిచర్‌కు అలాంటి హద్దేమీ లేదు. అందుకే చేతిలోని ఆధిక్యాన్ని పోగొట్టినవాడికే, ఆ తర్వాత బ్యాటర్లు పుంజుకుంటే, గెలుపు దక్కవచ్చు.

ఈ లోపాన్ని షికాగో పాత్రికేయుడు జెరోమ్ హోల్ట్జ్‌మన్ ఆనాడే పట్టుకున్నాడు. 1959లో పిట్స్‌బర్గ్ రిలీఫ్ పిచర్ ఎల్‌రాయ్ ఫేస్ 18 గెలిచి ఒక్కటే ఓడాడు. వాటిలో ఆధిక్యాన్ని తానే జారవిడిచాక జట్టు తిరిగి గెలిపించిన మ్యాచ్‌లూ ఉన్నాయి. ఆపదలో వచ్చి ఆధిక్యాన్ని కాపాడిన రిలీఫ్ పిచర్లకేమో లెక్కల్లో చోటే లేదు. వాళ్ల కోసం హోల్ట్జ్‌మన్ 1960లో 'సేవ్'ను ప్రతిపాదించాడు. అది 1969లో అధికారిక గణాంకమైంది.

ఉద్దేశం మంచిదే. కానీ ఇప్పుడున్న నిబంధనను చూడండి. గెలిచిన జట్టు తరఫున ఆట ముగించిన పిచర్, ఆ విజయం తన పేరున లేనప్పుడు, మూడు దారుల్లో ఏదో ఒకదాని ద్వారా సేవ్ పొందుతాడు. మూడు పరుగులకు మించని ఆధిక్యంతో వచ్చి ఒక ఇన్నింగ్స్ వేయడం మొదటిది. స్కోరు సమం చేయగల ఆటగాడు బేస్ మీదో, బ్యాట్‌తోనో, ఆ వెంటనే దిగడానికి సిద్ధంగానో ఉన్నప్పుడు రావడం రెండోది. ఆధిక్యం ఎంతైనా సరే, మూడు ఇన్నింగ్స్ వేయడం మూడోది. ఈ మూడింటిలో ఆపదను నిజంగా లెక్కలోకి తీసుకునేది రెండోదే.

2007 ఆగస్టు 22న బాల్టిమోర్‌లో టెక్సస్ రేంజర్స్ 30-3తో ఓరియోల్స్‌ను చిత్తుచేసింది. వెస్ లిటిల్‌టన్ బంతి అందుకునేసరికే స్కోరు 14-3. మూడు ఇన్నింగ్స్ వేశాడు కాబట్టి సేవ్ ఇచ్చారు. గట్టెక్కించాల్సిన గండమే లేని రోజున గట్టెక్కించినట్టు రాశారు.

పుస్తకంలో తప్పుగా రాసినంతలో పోయేదేముంది అనుకోవచ్చు. ఆ రాతే ఆటను నడపడం మొదలుపెట్టింది, అదీ అసలు నష్టం. 2016 అక్టోబర్ 4న టొరంటోలో నాకౌట్ మ్యాచ్. ఓరియోల్స్ రిలీఫ్ పిచర్లలో జాక్ బ్రిటన్ ఉన్నాడు. ఆ సీజన్‌లో 47 అవకాశాల్లో 47 సేవ్‌లు సాధించినవాడు. 2-2తో ఆట పదకొండో ఇన్నింగ్స్‌కు వెళ్లింది. మేనేజర్ బక్ షోవాల్టర్ ఒకరి తర్వాత ఒకరిని పంపాడు, బ్రిటన్‌ను మాత్రం ఆధిక్యం వచ్చాక వాడదామని అట్టేపెట్టాడు. ఆ ఆధిక్యం రాలేదు. చివరికి దించిన ఉబాల్డో హిమెనెజ్ బంతిని టొరంటో బ్యాటర్ ఎడ్విన్ ఎన్‌కార్నసియోన్ స్టాండ్స్‌లోకి పంపాడు. 5-2 ఓటమితో ఓరియోల్స్ సీజన్ ముగిసింది, బ్రిటన్ చేతికి బంతి అందనే లేదు. స్కోరు సమంగా ఉంటే సేవ్ ఉండదు. సేవ్ ఉన్నప్పుడే క్లోజర్, అంటే ఆట ముగించే పిచర్, దిగాలన్న అలవాటు ఇన్నేళ్లలో అంతగా పాతుకుపోయింది.

ఆ రాత జీతాన్నీ నిర్ణయిస్తుంది. 2016లో యాంకీస్ రిలీఫ్ పిచర్ డెలిన్ బెటన్సెస్ 126 మందిని స్ట్రైకవుట్ చేశాడు. మరుసటి ఏడాది మధ్యవర్తుల ముందు 50 లక్షల డాలర్లు అడిగాడు, దక్కింది క్లబ్ చెప్పిన 30 లక్షలే. క్లోజర్ స్థాయి వేతనం అతనికి ముందు వేసే సెటప్ పిచర్‌కు తగదని క్లబ్ అధ్యక్షుడు బహిరంగంగానే అన్నారు. బంతి పదును ఒక్కటే సరిపోలేదు, ఏ ఇన్నింగ్స్‌లో వేశాడన్నదీ కొలబద్ద అయింది.

అవార్డులకు ఓటేసేవారు మాత్రం మారారు. 2018లో పది మ్యాచ్‌లే గెలిచిన జేకబ్ డిగ్రామ్‌కు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఇచ్చారు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతనిచ్చిన పరుగుల సగటు 1.70 మాత్రమే అన్నది చూసి. మారాల్సింది నిబంధనల పుస్తకం.

దానికి దారి ఆ పుస్తకంలోనే ఉంది. చివరిదాకా నిలిచిన ఆధిక్యం దక్కినా ఆట మొదలుపెట్టిన పిచర్ ఐదు ఇన్నింగ్స్ పూర్తిచేయకపోతే, అందరికన్నా ప్రభావవంతంగా వేసిన రిలీఫ్ పిచర్‌ను స్కోరరే ఎంచి గెలుపు ఇస్తాడు. ఆ విచక్షణను అన్ని మ్యాచ్‌లకూ విస్తరించాలి. భారీ ఆధిక్యంలోనూ సేవ్ ఇచ్చే మూడో దారిని మూసేయాలి. ఏడో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా వచ్చి ఆధిక్యాన్ని నిలిపినవాడికి, ఆట ముగించకపోయినా, సేవ్ రాయాలి.

స్కోరర్ ఇష్టానికి వదిలేస్తే పక్షపాతం రాదా అని అడిగేవారున్నారు. కొట్టిన బంతి హిట్టా, ఫీల్డర్ పొరపాటా అని రోజూ తేలుస్తున్నది ఆ స్కోరరే. ఆ తీర్పును నమ్ముతున్నవాళ్లం దీన్నీ నమ్మవచ్చు. నిబంధనను మార్చడమూ కొత్త కాదు: సేవ్ నిబంధన 1974లో ఒకసారి, 1975లో మరోసారి మారింది. ఎవరూ పట్టించుకోని శ్రమకు పేరు పెట్టాలని పుట్టిన లెక్క అది. ఏడో ఇన్నింగ్స్‌లో జట్టును ఒడ్డున పడేసి, ముగింపు బంతి మరొకరికి అప్పగించి వెళ్లే పిచర్ నేటికీ ఆ లెక్క బయటే ఉన్నాడు. అతని పేరు రాసిన రోజునే హోల్ట్జ్‌మన్ మొదలుపెట్టిన పని పూర్తవుతుంది.