బోర్డు గీసిన చేతికి పేరేది?

చార్జింగ్‌లో పెట్టిన ఫోన్ స్క్రీన్ ఒక్కోసారి దానంతటదే గెంతులేస్తుంది, ఒక అక్షరం నొక్కితే ఇంకోటి పడుతుంది. వైరు పీకగానే బుద్ధిగా ఉంటుంది. మా ఎలమంచిలిలో ఎవర్నడిగినా చెప్పే సంగతే ఇది. ఇండక్షన్ స్టవ్ మీట పలక్కపోతే తిడతారు, పలికితే ఎవరూ ఏమీ అనరు. ఆ మీటల్ని పలికించేవాళ్లలో నేనొకణ్ణి. సర్క్యూట్ బోర్డు మీద రాగి గీతలు ఎటు పోవాలో తేల్చడమే నా వృత్తి.

ఈ తాకే మీటలు వేలిని పసిగట్టేది కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం, మారడాన్ని బట్టే. వేలు ఆనితే పెరిగే కెపాసిటెన్స్ చాలాసార్లు ఒక పికోఫారడ్ కూడా ఉండదు, అంటే ఫారడ్‌లో లక్ష కోట్లో వంతు. పక్కనే స్టవ్ కాయిల్ 20 కిలోహెర్ట్జ్ పైన మోగుతుండగా ఆ మార్పును పట్టుకోవాలి. నాసిరకం చార్జర్ అయితే ఫోన్ మొత్తాన్నీ భూమితో పోలిస్తే పైకీ కిందికీ ఊపుతుంది. నేల మీదున్న మనిషి వేలు ఆనగానే ఆ ఊపు విద్యుత్ రొదగా సెన్సర్‌లోకి దిగుతుంది.

దీనికి మందు బోర్డు మీదే ఉంది. మీట నుంచి చిప్‌కి వెళ్లే గీత పొట్టిగా ఉండాలి. స్విచ్చింగ్ గీతల పక్కన సాగకూడదు, దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి. చుట్టూ గ్రౌండ్ రాగి నిండుగా పోస్తే రొదతో పాటు వేలి జాడా తగ్గిపోతుంది, అందుకే గళ్లుగళ్లుగా పోస్తాం. ఇక బియ్యపు నూకంత రెసిస్టర్, మామూలుగా 560 ఓమ్‌లది, చిప్ కాలికి 10 మిల్లీమీటర్ల లోపే కూర్చోవాలి. రేడియో రొదను గుమ్మం దగ్గరే ఆపేది అదే. దూరం జరిపితే మధ్యలో మిగిలిన గీతే యాంటెన్నా అవుతుంది. పైసల్లో దొరికే ఆ ముక్కను చోటు లేదని తీసెయ్యమన్నప్పుడల్లా గొంతు చించుకున్నాను.

ముందు డబ్బా ఆకారం ఖాయం చేస్తారు, తర్వాత డిస్‌ప్లే. మిగిలిన సందులో గీతలు గీయమని చివర్లో మాకిస్తారు. 150 కిలోహెర్ట్జ్ నుంచి 80 మెగాహెర్ట్జ్ దాకా వైర్ల గుండా రొద ఎక్కించి చూసే పరీక్షలో మీట తప్పితే మాత్రం నింద మాది. సాఫ్ట్‌వేర్‌లో సర్దేద్దామంటారు. కొంత సర్దొచ్చు, కానీ అప్పుడు మీట ఆలస్యంగా పలుకుతుంది.

ఇలాంటి రొద సంగతి చూసే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. విశాఖ దగ్గర గంభీరంలో సమీర్ (SAMEER) అనే సంస్థకు విద్యుదయస్కాంత ప్రభావాల కేంద్రం ఉంది. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఎలమంచిలి తిరిగి రావచ్చు. మాస్టార్లూ, మన పాలిటెక్నిక్ పిల్లల్ని అలాంటి చోటికి తీసుకెళ్లండి, ఈ పనీ చదువేనని చెప్పండి. కంపెనీల వాళ్లు డబ్బా ఆకారం తేల్చే రోజునే మమ్మల్నీ పిలవండి. బోర్డు మూల కంపెనీ గుర్తుకూ వెర్షన్ నంబరుకూ చోటుంటుంది కదా, గీసినవాళ్ల పొడి అక్షరాలు రెండు ఆ పక్కనే వేయించండి.