ప్యాచ్ వచ్చినా పెట్టరెందుకు? టామ్‌క్యాట్ సర్వర్లకు అసలు గండం సెట్టింగుల్లోనే!

జావా వెబ్‌సైట్లను నడిపించే అపాచీ టామ్‌క్యాట్ సర్వర్‌లో పెద్ద లోపం ఉందని 2025 మార్చి 10న ప్రకటన వచ్చింది. సరిచేసిన వెర్షన్లు అప్పటికే రెడీగా ఉన్నాయి. పైసా కట్టక్కర్లేదు. అయినా ఏప్రిల్ 1న అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ ఈ లోపాన్ని ‘దాడుల్లో వాడుతున్న లోపాల’ జాబితాలో చేర్చింది. మందు ఇంట్లోనే ఉన్నా వేసుకోని రోగి పరిస్థితి ఇది. ఎందుకిలా జరుగుతోంది?

అసలు టామ్‌క్యాట్ అంటే ఏంటి?

మీరు ఫోన్‌లో ఓ సైట్ ఓపెన్ చేసి బటన్ నొక్కితే, ఆ రిక్వెస్ట్ అందుకుని జవాబు పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి అవతల ఉంటుంది. జావాలో రాసిన సైట్లకు ఆ పని చేసేవాటిలో బాగా వాడుకలో ఉన్నది టామ్‌క్యాట్. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ దీన్ని అపాచీ సంస్థకు అప్పగించింది. అప్పటి నుంచి ఉచితంగానే దొరుకుతోంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకున్నవాళ్లకు ఈ పేరు కొత్తేం కాదు. ప్రాక్టీస్‌లో మొదట డిప్లాయ్ చేసేది చాలామంది దీనిపైనే.

ఈ లోపం ఎవరికి ప్రమాదం?

సీవీఈ-2025-24813 అనే నంబర్ ఇచ్చిన ఈ లోపంతో బయటి వ్యక్తి సర్వర్‌లో తన కోడ్ నడిపించే వీలుంది. వినడానికి భయంగానే ఉన్నా, అన్ని సర్వర్లకూ ఆ స్థాయి ముప్పు లేదు. దానికి కొన్ని షరతులు కలిసి రావాలి.

ఒకటి.. సర్వర్‌లోకి బయటి నుంచి ఫైళ్లు రాయడానికి అనుమతి ఆన్‌లో ఉండాలి. రెండు.. ఫైల్‌ను ముక్కలుగా పంపే సౌకర్యం పనిచేయాలి. మూడు.. యూజర్ల సెషన్లను మామూలుగా ఉండే చోటే ఫైళ్లుగా దాస్తుండాలి. నాలుగు.. దాడికి పనికొచ్చే పాత లైబ్రరీ ఏదైనా యాప్‌లో ఉండాలి.

ఇందులో మొదటిదే కీలకం. టామ్‌క్యాట్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ అనుమతి ఆఫ్‌లోనే ఉంటుంది. వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్‌లో ఎవరో ఒకరు కావాలని ‘రీడ్‌ఓన్లీ’ని ‘ఫాల్స్’ చేస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఏదో అప్‌లోడ్ పని ఆగిపోతే టెంపరరీగా మారుస్తారు. పని అయిపోతుంది, సెట్టింగ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. మార్చిన మనిషి వేరే కంపెనీకి వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాళ్లకు ఆ సంగతే తెలియదు. అంటే లోపం కోడ్‌లో ఉన్నా, తాళం తీసిపెట్టేది మాత్రం కాన్ఫిగరేషనే.

అప్‌డేట్ అంటే భయమెందుకు?

9.0.99, 10.1.35, 11.0.3 వెర్షన్లలో సమస్య సరిచేశారు. మరి వెంటనే మార్చేయొచ్చు కదా అనిపిస్తుంది. మెయింటెనెన్స్ టీమ్‌ల అనుభవం వేరు. అప్‌డేట్ చేస్తే నడుస్తున్న సైట్ ఆగిపోతుందేమోనన్న భయం వాళ్లది. ఆ భయానికి కారణాలున్నాయి.

2020లో ‘ఘోస్ట్‌క్యాట్’ అనే లోపం బయటపడింది. 8009 పోర్ట్‌లో నడిచే ఏజేపీ అనే కనెక్షన్ ద్వారా సర్వర్‌లోని ఫైళ్లు చదివే వీలుండేది. దాన్ని అరికట్టడానికి కొత్త వెర్షన్లలో ఆ కనెక్షన్‌కు సీక్రెట్ తప్పనిసరి చేశారు. మంచి నిర్ణయమే. కానీ పాత కాన్ఫిగరేషన్ ఫైల్‌ను అలాగే ఉంచి వెర్షన్ మార్చినచోట ఏజేపీ కనెక్టర్ స్టార్టే కాలేదు. ముందున్న వెబ్ సర్వర్‌కు, టామ్‌క్యాట్‌కు మధ్య లింక్ తెగిపోయింది. భద్రత కోసం చేసిన పనికి సైట్ డౌన్ అయితే మాటలు పడేది మార్చినవాళ్లే. అలాంటి అనుభవం ఒక్కటి చాలు, మరోసారి ముట్టుకోవాలంటే చేయి వణకడానికి.

రెండో కారణం ఇంకా పెద్దది. టామ్‌క్యాట్ 9 నుంచి 10కి వెళ్లినప్పుడు కోడ్‌లో ‘జావాఎక్స్’ అని మొదలయ్యే పేర్లు ‘జకార్తా’గా మారాయి. జావా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు వెళ్లాక, పాత పేరుతో కొత్త మార్పులు చేసేందుకు ఒప్పందం కుదరలేదు. ఫలితంగా 9లో చక్కగా నడిచిన యాప్‌ను 10లో పెడితే క్లాస్ దొరకలేదంటూ ఎర్రర్, లేదంటే 404. పాత యాప్‌లను ‘వెబ్‌యాప్స్-జావాఈఈ’ ఫోల్డర్‌లో పెడితే టామ్‌క్యాటే మార్చుకుంటుంది. ఈ విషయం తెలిసినచోట పని సులువైంది, తెలియనిచోట ప్రాజెక్టే వాయిదా పడింది.

మూడోది జావా వెర్షన్. టామ్‌క్యాట్ 9కి జావా 8 సరిపోతుంది. 10.1కి జావా 11, టామ్‌క్యాట్ 11కి జావా 17 ఉండాలి. ఒకటి మారిస్తే ఇంకోటి మార్చాలి. తీగ లాగితే డొంకంతా కదిలినట్టే.

అందుకే ‘నడుస్తున్నదాన్ని కదపొద్దు’ అన్నదే చాలా ఆఫీసుల్లో రూల్. కానీ కదపకుండా ఉంచినా ఖర్చు తప్పదు. టామ్‌క్యాట్ 8.5కి 2024 మార్చి 31తోనే సపోర్ట్ ఆగిపోయింది. దాంట్లో ఏ లోపం బయటపడినా అపాచీ నుంచి ఇక ప్యాచ్ రాదు.

సైట్ పడిపోతే మొదట ఎక్కడ చూడాలి?

అప్‌డేట్ తర్వాత సైట్ రాకపోతే చాలామంది చేసే మొదటి పని రీస్టార్ట్. అది కాకపోతే మళ్లీ రీస్టార్ట్. అసలు జవాబు మాత్రం లాగ్ ఫైల్‌లో ఉంటుంది.

• ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని వస్తే ఆ పోర్ట్‌ను ఇంకో ప్రోగ్రామ్ వాడుతోందని అర్థం. ఎక్కువసార్లు అది సరిగ్గా ఆగని పాత టామ్‌క్యాటే అయి ఉంటుంది.

• ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’ అని వస్తే యాప్ కొత్త జావాలో తయారైంది, సర్వర్‌లో పాత జావా ఉంది. అందులో 61 అనే నంబర్ కనిపిస్తే జావా 17, 52 కనిపిస్తే జావా 8.

• ‘లిజనర్లు స్టార్ట్ కాలేదు’ అని మాత్రమే ఉంటే కెటలీనా లాగ్‌లో వెతికి లాభం లేదు. అసలు కారణం పక్కనే ఉన్న లోకల్‌హోస్ట్ లాగ్‌లో ఉంటుంది. ఈ చిన్న సంగతి తెలియక గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

• 404 వస్తే సర్వర్ బతికే ఉంది, యాప్ డిప్లాయ్ కాలేదు లేదా అడ్రస్ తప్పు. 500 వస్తే యాప్ లోపల తేడా. ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ 502 చూపిస్తే వెనక టామ్‌క్యాట్ పలకడం లేదని అనుమానించాలి.

ఫలితాల రోజు కూడా ఇదే కథ

టామ్‌క్యాట్‌లో మామూలుగా ఒకేసారి పనిచేసే థ్రెడ్లు 200. రోజువారీ పనికి అది చాలు. ఇంటర్, టెన్త్ ఫలితాల లాంటి సందర్భంలో లక్షల మంది ఒకే నిమిషంలో రోల్ నంబర్ కొడితే? ఏ సర్వర్ అయినా ఇన్‌స్టాల్ చేసినప్పటి సెట్టింగ్‌తోనే వదిలేస్తే చేతులెత్తేస్తుంది. థ్రెడ్లు పెంచినా వెనకున్న డేటాబేస్ కనెక్షన్లు పెంచకపోతే క్యూ ఇక్కడి నుంచి అక్కడికి మారుతుందంతే. ముందే లోడ్ టెస్ట్ చేసి చూసుకోవడం ఒక్కటే దారి.

ఆలస్యం ఖరీదు ఎంత?

దీనికి ఈక్విఫాక్స్ కేసే పాఠం. ఈ అమెరికా క్రెడిట్ సంస్థ పోర్టల్‌లో వాడిన అపాచీ స్ట్రట్స్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌కు 2017 మార్చి 7న ప్యాచ్ వచ్చింది. 48 గంటల్లో పెట్టాలని సంస్థ లోపల మెయిల్ కూడా వెళ్లింది. ఆ ఒక్క పోర్టల్ మాత్రం మిగిలిపోయింది. మే నెలలో హ్యాకర్లు చొరబడ్డారు. ట్రాఫిక్‌ను గమనించే పరికరంలో సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో జులై చివరి వరకు ఎవరికీ తెలియలేదు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. సీఈవో రిచర్డ్ స్మిత్ తప్పుకున్నారు. 2019లో కనీసం 57.5 కోట్ల డాలర్లు చెల్లించేలా సెటిల్‌మెంట్ కుదిరింది.

తప్పు ఒక వ్యక్తిదంటూ స్మిత్ అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పుకొచ్చారు. కానీ ఏ సర్వర్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో పక్కా లిస్ట్ ఉంటే, ఒక్కరు మర్చిపోయినా ఇంకొకరు పట్టుకునేవాళ్లు. 2021 డిసెంబర్‌లో లాగ్4జే లోపం బయటపడ్డప్పుడూ చాలా సంస్థలకు ఎదురైన మొదటి ప్రశ్న ఇదే.. అసలు ఇది మన దగ్గర ఎక్కడుంది?

ఇప్పుడేం చేయాలి?

ప్యాచ్ పెట్టమని ఆర్డర్ వేస్తే సరిపోదు. భయం పోవాలంటే లైవ్ సర్వర్ లాంటి టెస్ట్ సర్వర్ ఇంకోటి ఉండాలి. కాన్ఫిగరేషన్‌లో ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టాలి. తేడా వస్తే నిమిషాల్లో పాత వెర్షన్‌కు వెళ్లే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ఇవి లేకుండా అర్ధరాత్రి షిఫ్ట్‌లో ఉన్న ఇంజినీర్‌ను అప్‌డేట్ చేయమంటే అతను వాయిదా వేయడంలో ఆశ్చర్యం లేదు. ఆ వాయిదాకు మూల్యం చెల్లించేది మాత్రం ఆ సైట్‌లో ఫోన్ నంబర్, ఆధార్, బ్యాంక్ వివరాలు ఇచ్చిన మామూలు జనమే.